మేత కోసం కీటకం: బొద్దింక పెట్టె నుంచి కోర్సిరా బేసిన్ దాకా

ఒక జీవికి మేతగా వేయడానికి మరొక జీవిని పనిగట్టుకుని పెంచడం పశుపోషణ అంత పాత విషయమే అయినా, ఆ మేత జీవి కీటకమైనప్పుడు దాని పెంపకానికి వేడి, తేమ, శుభ్రత, తేదీల లెక్క అనే నాలుగూ ఒకేసారి కుదరవలసి ఉంటుంది. అలా పెంచే పురుగులను మేత కీటకాలు అనవచ్చు. బల్లి జాతి జీవులను, ఊసరవెల్లులను ఇళ్లలో పెంచుకునే అలవాటు బలపడిన దేశాల్లో వీటికి పెద్ద అంగడి ఉంది. చిమ్మెట జాతికి చెందిన కీచురాళ్లు, పిండి పురుగులు, తేనెపట్టును తినే మైనపు పురుగులు, వీటన్నింటితోపాటు బొద్దింకలు కూడా అక్కడ డబ్బాల్లో అమ్ముడవుతాయి. వంటింట్లో తిరిగే ఎర్ర బొద్దింకను అందుకు ఎవరూ ఎంచుకోరు. దక్షిణ అమెరికాకు చెందిన డూబియా అనే బొద్దింకను ఎంచుకుంటారు. అది నున్నని గాజు మీదికి ఎక్కలేదు, గుడ్ల తిత్తిని బయట వదలకుండా కడుపులోనే పొదిగి ఒక్కో కాన్పులో 20 నుంచి 40 దాకా పిల్లలను కంటుంది, సుమారు 30 డిగ్రీల వేడి దొరికితే నాలుగైదు నెలల్లో పెద్దదవుతుంది. కోడిగుడ్ల అట్టలను నిలువుగా పేర్చిన పెట్టెలో, చీకట్లో, కూరగాయల తొక్కులూ ధాన్యపు పొడీ తింటూ అది పెరుగుతుంది. మేతగా వేసే ముందు ఆ పురుగు కడుపును మంచి ఆహారంతో నింపడం, దాని ఒంటికి కాల్షియం పొడి అంటించడం ఈ పెంపకందారుల మామూలు పని. ఎందుకంటే కీటకాల శరీరంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ, ఆ లోటు తీరకపోతే వాటినే తిని బతికే బల్లికి ఎముకలు మెత్తబడతాయి.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలకు ఈ పద్ధతిని యథాతథంగా తెచ్చుకోవలసిన అవసరం లేదు, తెచ్చుకోవడం సులభమూ కాదు. ఉడుము, కొండచిలువ, నక్షత్ర తాబేలు వంటి స్వదేశీ సరీసృపాలను ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. 2022లో ఆ చట్టానికి వచ్చిన సవరణ తరువాత, వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందపు జాబితాల్లో ఉన్న విదేశీ జీవులను ఉంచుకున్నవారు కూడా వాటిని ప్రభుత్వం వద్ద నమోదు చేయించుకోవాలి. విదేశీ కీటకాన్ని దిగుమతి చేసుకోవడానికి 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి కావాలి. ఇక చౌకగా దొరుకుతాయి కదా అని మురికి కాలువ పక్కన పట్టిన బొద్దింకలను పెంపుడు జీవికి వేయడం మరింత ప్రమాదం. పట్టణాల్లో అవి పీల్చని పురుగుమందు లేదు, మోయని సూక్ష్మజీవి లేదు. పెట్టె మూత సరిగా లేకపోతే జరిగేదేమిటో చైనాలో 2013 ఆగస్టులో తెలిసివచ్చింది: జియాంగ్సు రాష్ట్రంలోని దాఫెంగ్‌లో మందుల తయారీ కోసం బొద్దింకలు పెంచుతున్న ఒక షెడ్డు దెబ్బతిని, పది లక్షలకు పైగా పురుగులు చుట్టుపక్కల పొలాల్లోకి పారిపోయాయి.

అయితే, కీటకాన్ని మేతగా పెంచే విద్య ఈ ప్రాంతానికి పరాయిది కాదు. ఇక్కడ ఆ మేతను తినే జీవి బల్లి కాదు, ఆవగింజకన్నా చిన్నదైన ఒక కందిరీగ. మేతగా పెరిగే పురుగు మైనపు పురుగుకు దగ్గరి చుట్టమైన కోర్సిరా. పాశ్చాత్య దేశాల్లో బల్లులకు వేసే మైనపు పురుగూ, తెలుగు ఇళ్లలో నూకలను, రవ్వను, తౌడును దారాలతో అల్లి గూడు కట్టే కోర్సిరా పురుగూ శాస్త్ర వర్గీకరణలో ఒకే ఉపకుటుంబానికి చెందినవి. ముక్క పురుగు గింజను తొలిచి పోతుంది గాని, కోర్సిరా లార్వా, అంటే దాని గొంగళి దశ, గింజలను ఒకదానికొకటి జిగురు దారంతో కట్టిపడేసి, లోపల పట్టు గొట్టంలో కూర్చుని తింటుంది. డబ్బాలో చేయి పెడితే నూకలు ఉండలుగా వచ్చేది ఈ పురుగు పనివల్లే.

మిర్యాలగూడ చుట్టూ ఈ పురుగు ఎందుకు అందరికీ తెలిసినదో చెప్పడానికి నాగార్జునసాగర్ ఎడమ కాలువను తలచుకుంటే చాలు. 1967 ఆగస్టులో సాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత, లాల్ బహదూర్ కాలువగా పేరుపడిన ఆ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు రెండు పంటల వరి నేలలుగా మారాయి. సూర్యాపేట వైపు మూసీ ప్రాజెక్టు, శ్రీరామసాగర్ రెండో దశ కాలువలు ఆ పనిలో తమ వంతు చేశాయి. వడ్లు వచ్చిన చోటికి రైస్ మిల్లులు వచ్చాయి, మిల్లులు వచ్చిన చోట నూకలు, తౌడు, వాటితోపాటు బూడిద రంగు రెక్కల కోర్సిరా కూడా వచ్చింది. మిల్లు యజమాని గోదాములో పొగబెట్టి చంపించే పురుగునే, అదే జిల్లా రైతు పొలాన్ని కాపాడడానికి ప్రయోగశాలలో కిలోల కొద్దీ ధాన్యం పోసి పెంచుతారన్నది కొంచెం నవ్వు తెప్పించే సంగతే గాని, కీటకశాస్త్రంలో ఇటువంటివి అరుదు కాదు.

వరి పొలంలో అసలు శత్రువు కాండం తొలిచే పురుగు, రైతుల మాటలో మొగి పురుగు. దాని తల్లి పురుగు ఆకు కొనల దగ్గర గుడ్ల ముద్ద పెట్టి, దాన్ని గోధుమ రంగు నూగుతో కప్పుతుంది. పిల్ల పురుగు పిలకలోకి దూరాక ఏ మందూ తేలికగా అందదు, పంట చిన్నదిగా ఉంటే మొవ్వు ఎండిపోతుంది, ఈనిక దశలో అయితే కంకి తాలు పోయి తెల్లగా నిలబడుతుంది. నారు కొనలు తుంచి నాటడం, లింగాకర్షక బుట్టలు పెట్టి మగ పురుగుల రాకను కనిపెట్టడం వంటి జాగ్రత్తలన్నీ ఆ గుడ్ల దశకు ముందూ వెనకా జరిగేవే. గుడ్డు దశలోనే దెబ్బతీసే జీవి ట్రైకోగ్రామా. ఇది గుడ్డు బదనిక, అంటే వేరొక కీటకపు గుడ్డులోనే తన గుడ్డు పెట్టి, లోపలి పదార్థాన్ని తన పిల్లకు ఆహారంగా వాడుకుని, ఆ గుడ్డును చీల్చుకుని బయటికి వచ్చే సూక్ష్మమైన కందిరీగ. దాని పొడవు సుమారు అర మిల్లీమీటరు. మొగి పురుగు గుడ్ల ముద్ద మీద నూగు ఉన్నా లోపలికి చొరబడగల జాతి ట్రైకోగ్రామా జపోనికమ్, ఆకుముడత పురుగుకు, చెరకు తొలుచు పురుగులకు వాడే జాతి ట్రైకోగ్రామా కిలోనిస్.

ఈ కందిరీగలను వేల సంఖ్యలో కావాలంటే వేల సంఖ్యలో గుడ్లు కావాలి. మొగి పురుగును ఏడాది పొడవునా పెంచడం కష్టం గనుక, తేలికగా పెరిగే మరో పురుగు గుడ్లను కందిరీగకు ఎర వేస్తారు. ఆ మరో పురుగు ఏదన్నది దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో 1920లు, 1930లలో వడ్ల చిలుక పురుగును, యూరప్‌లో పిండి మిల్లుల పురుగును వాడారు. చైనా వారు పట్టుపురుగుల గుడ్లను ఎంచుకున్నారు. ఆ గుడ్డు పెద్దది కాబట్టి ఒక్కదానిలోంచి అనేక కందిరీగలు వస్తాయి. భారతదేశంలో ఆ స్థానం కోర్సిరాది. సమన్వయ జీవ నియంత్రణ పరిశోధన పథకం 1977లో మొదలైనప్పటి నుంచి దేశంలోని జీవ నియంత్రణ ప్రయోగశాలల్లో దాదాపు అన్నీ ఈ పురుగు మీదే ఆధారపడ్డాయి. ట్రైకోగ్రామా ఒక్కటే కాదు, అల్లిక రెక్కల పురుగు క్రైసోపర్లా, కొబ్బరి నల్లతల గొంగళిపై వదిలే గోనియోజస్ కూడా కోర్సిరా గుడ్లు, లార్వాల మీదే పెరుగుతాయి. రాజేంద్రనగర్‌లోని జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయపు జీవ నియంత్రణ కేంద్రం, అక్కడే ఉన్న జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఈ పెంపకంలో శిక్షణ ఇచ్చే చోట్లు.

పెంపకం ఇలా సాగుతుంది. ఒక వెడల్పాటి ప్లాస్టిక్ బేసిన్‌కు రెండున్నర కిలోల జొన్న లేదా సజ్జ చొప్పున, గింజను రెండు మూడు ముక్కలయ్యేలా కచ్చాపచ్చాగా పగలగొట్టి, 100 డిగ్రీల వేడిలో అరగంట ఉంచి, అందులో ముందే దాగి ఉన్న పురుగులు, బూజులు చచ్చేలా చేస్తారు. చల్లారాక 100 గ్రాముల వేరుశనగ పలుకుల ముక్కలు, 5 గ్రాముల ఈస్టు, నల్లి పట్టకుండా 5 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి, సూక్ష్మజీవుల బెడదకు కొద్దిగా స్ట్రెప్టోమైసిన్ ద్రావణం చల్లుతారు. ఆ మేత మీద అర సీసీ కోర్సిరా గుడ్లు చల్లి, పలుచని గుడ్డతో బేసిన్ మూతి గట్టిగా కడతారు. సీసీ అంటే ఘన సెంటీమీటరు. కోర్సిరా గుడ్లు ఎంత సన్నమంటే ఒక్క సీసీలో సుమారు 18 వేల నుంచి 20 వేల దాకా పడతాయి. గది వేడి 28 డిగ్రీల దగ్గర, తేమ 65, 70 శాతం దగ్గర ఉండాలి. మొదటి వారాల్లో బేసిన్‌లో ఏమీ జరుగుతున్నట్టు కనిపించదు. తరువాత గింజల మీద సన్నని దారాలు తెరలు తెరలుగా అల్లుకుంటాయి, బేసిన్ తాకితే లోపల వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనం వేల లార్వాల ఊపిరిది. అది మితిమీరితే పురుగులు చచ్చి, మేత తడిసి, పుల్లని వాసన వస్తుంది.

నలభై రోజులు దాటాక రెక్కల పురుగులు రావడం మొదలై, రోజుకు పది నుంచి డెబ్బై ఐదు దాకా వస్తూ, 65వ రోజు నుంచి 75వ రోజు వరకు ఉద్ధృతంగా ఉంటుంది. వాటిని గాజు గొట్టాలతోనో, చిన్న పీల్చుడు యంత్రంతోనో ఏరి, అడుగున వలగుడ్డ ఉన్న డ్రమ్ములో వదిలి, తేనె నీళ్లలో తడిపిన దూది పెడతారు. గుడ్లలో ఎక్కువ భాగం మొదటి నాలుగు రోజుల్లోనే వస్తుంది. నూరు జతలు ఆ నాలుగు రోజుల్లో సుమారు ఒకటిన్నర సీసీ గుడ్లు పెడతాయి. వల కింద పరిచిన కాగితం మీద రాలినదంతా గుడ్లు కాదు, సగం రెక్కల పొలుసులు. సన్నని జల్లెడలో పోసి, కాగితం వాలుగా పట్టి మెల్లగా తడితే గుండ్రటి గుడ్లు దొర్లి కిందికి వస్తాయి, పొలుసులు, కాళ్ల ముక్కలు కాగితానికే అంటుకుని ఉండిపోతాయి. ఈ పొలుసులే ఈ పనిలో అసలు అపాయం. ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా నెలల తరబడి ఈ గదిలో పనిచేసినవారికి తుమ్ములు, ఆయాసం రావడం ఈ ప్రయోగశాలల్లో తెలిసిన విషయమే, ఇది చిన్నపిల్లలున్న ఇంటి గదిలో చేయవలసిన పని కాదు.

శుభ్రమైన గుడ్లను అతినీలలోహిత కాంతి ఇచ్చే 15 వాట్ల ట్యూబు కింద 15, 20 నిమిషాలు ఉంచుతారు. దీనివల్ల గుడ్డు పగలదు, లోపలి పిండం మాత్రం చస్తుంది. ఆ పిండం బతికే ఉంటే, కందిరీగ తాకని గుడ్లలోంచి లార్వాలు బయటికి వచ్చి, పక్కనున్న, కందిరీగ చేరిన గుడ్లను తినేస్తాయి. ఆ తరువాత చీటీ సైజు అట్టల మీద పలుచగా జిగురు రాసి, గుడ్లు ఒకదానిమీద ఒకటి పడకుండా చల్లుతారు. అవే ట్రైకో కార్డులు. వాటిని కందిరీగలున్న సీసాలో పెడతారు. ఆరు తాజా గుడ్ల కార్డులకు ఒక కందిరీగల కార్డు చొప్పున సరిపోతుంది. మూడో నాలుగో రోజుకు, తెల్లగా ఉన్న గుడ్లలో కందిరీగ చేరినవి నల్లబడతాయి. కార్డు ఎంత నల్లగా ఉంటే అంత మేలైనది. ఆ నలుపును చూసి కొనడం నేర్చుకున్న రైతు మోసపోడు. ఎనిమిదో రోజు ప్రాంతంలో ఆ నల్ల గుడ్లలోంచి కందిరీగలు బయటికి వస్తాయి, అంతకు ముందే 10 డిగ్రీల చలిలో పెడితే మూడు వారాల దాకా వాటిని ఆపవచ్చు.

ఇప్పటిదాకా చెప్పినది నేర్చుకుంటే వచ్చే పనే. ఇంటిస్థాయి పెంపకం చాలాచోట్ల విఫలమయ్యేది ఇక్కడ కాదు, తేదీల దగ్గర. యాసంగిలో మిర్యాలగూడ రైతు జనవరి మొదటి వారంలో నాటు వేశాడనుకుంటే, నాటిన నెలకు, అంటే ఫిబ్రవరి మొదటి వారంలో తొలి కార్డు పొలంలో ఉండాలి. కందిరీగ పెరగడానికి వారం రోజులు పడుతుంది కాబట్టి, జనవరి చివరి వారంలో కోర్సిరా గుడ్లు చేతిలో ఉండాలి. ఆ గుడ్లు పెట్టే రెక్కల పురుగులు ఉద్ధృతంగా వచ్చేది 65 నుంచి 75 రోజుల మధ్య గనుక, బేసిన్‌లో గుడ్లు చల్లవలసింది నవంబరు మధ్యలో, అంటే నారుమడి కూడా పోయని రోజుల్లో. పైగా డిసెంబరు చలికి పెరుగుదల మందగిస్తుంది, దానికి మరో వారం కలుపుకోవాలి. మొగి పురుగు పొలంలో కనిపించాక బేసిన్ కొనేవాడు మరుసటి పంటకు తయారవుతున్నాడన్న మాట. వానకాలం పంటకు ఈ లెక్క ఇంకా కష్టమైనది. ఆగస్టు, సెప్టెంబరు విడుదలలకు బేసిన్లు జూన్‌లో మొదలవ్వాలి, వాటికి కావలసిన విత్తన గుడ్లనిచ్చే పురుగులు ఏప్రిల్, మే నెలల్లో బతకాలి. సూర్యాపేటలో నలభై డిగ్రీలు దాటే ఆ నెలల్లో, రేకుల కప్పు కింద కోర్సిరా నిలవదు, పెంకుటింటి నీడలోనో, తడి గోనెలు కట్టిన గదిలోనో తప్ప.

పరిమాణం లెక్క మాత్రం అనుకున్నంత భారమైనది కాదు. ఎకరానికి వారానికి సుమారు 20 వేల కందిరీగలు, అంటే ఒక సీసీ కార్డు, మూడు నుంచి ఆరు వారాల పాటు వదలాలని సిఫారసు. ఉద్ధృతంగా ఉన్న వారంలో ఒక బేసిన్ నుంచి నాలుగు వందల పురుగులు వచ్చినా అవి రెండు వందల జతలు, వాటి నుంచి మూడు సీసీల గుడ్లు. తరువాతి బేసిన్‌కు అర సీసీ పక్కన పెట్టినా ఆ వారానికి రెండెకరాలకు లోటు ఉండదు. ఉద్ధృతి పది రోజులే గనుక, వారం తేడాతో బేసిన్లు వరుసగా పెట్టుకుంటూ పోవాలి. ఒక ఊరి మహిళా సంఘం పది బేసిన్లతో కాలువ కింద ఒక తూము ఆయకట్టులో కొంత భాగాన్ని చూసుకోగలుగుతుంది, ఒక్క రైతు తన రెండెకరాల కోసం ఇంత పని పెట్టుకోవడం దండగ. పక్కవాడి పొలంలో పురుగులు స్వేచ్ఛగా గుడ్లు పెడుతుంటే తన ఒక్క పొలంలో కందిరీగలను వదలడం వల్ల లాభం తక్కువ.

పొలంలో చేయవలసిన పని చిన్నదే గాని నిర్లక్ష్యం చేస్తే మొత్తం శ్రమ పోతుంది. కందిరీగ దూరం ఎగరలేదు కాబట్టి కార్డును చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి, పొలమంతటా చల్లని వేళ, సాయంత్రమో తెల్లవారగానో, ఆకు అడుగున గుండుసూదితోనో స్టేపుల్‌తోనో గుచ్చాలి. ఎండ పడే పైవైపు గుచ్చితే గుడ్లు మాడిపోతాయి, గట్టు పక్కన గుచ్చితే చీమలు తినేస్తాయి. ముందు వారం గాని తరువాతి వారం గాని పురుగుమందు చల్లితే, డబ్బు పెట్టి వదిలిన కందిరీగలను డబ్బు పెట్టి చంపినట్టే. ఈ నేలలో అదే పెద్ద అడ్డంకి. నాటిన మూడు వారాలకు అలవాటుగా కార్టాప్ గుళికలు చల్లడం ఎడమ కాలువ కింద చాలా ఊళ్లలో మామూలు, సుడిదోమ భయంతో ఆ తరువాతా మందులు పడుతూనే ఉంటాయి. ట్రైకోగ్రామా మందుకు పైపూత కాదు, మందుకు బదులు. ఆ నిర్ణయం ముందే జరగకపోతే బేసిన్లు పెట్టకపోవడమే మంచిది.

పెంపకం గదికి సొంత శత్రువులూ ఉన్నాయి. కోర్సిరా లార్వాలను తినే బ్రాకాన్ అనే మరో చిన్న కందిరీగ మూత సందులోంచి ఒక్కటి దూరినా, కొన్ని వారాల్లో గదిలోని బేసిన్లన్నీ కదలని, నల్లని లార్వాలతో నిండిపోతాయి. అది పొలంలో మేలు చేసే జీవే అయినా ఈ గదిలో దొంగ. గంధకం కలపని చోట నల్లి పట్టి గుడ్లను పీల్చేస్తుంది. వీటన్నింటికన్నా ఇంటివారికి, మిల్లువారికి ముఖ్యమైన జాగ్రత్త బయటికి పోయే దారి గురించినది. తొంభై రోజులు దాటిన బేసిన్‌లో ఇంకా కొన్ని లార్వాలు మిగిలే ఉంటాయి. ఆ మేతను పెరట్లో పారబోస్తే అవి ఇంటి బియ్యపు డ్రమ్ముకో, పక్క మిల్లు తౌడు బస్తాలకో చేరతాయి. దాన్ని ఎర్రటి ఎండలో నల్ల ప్లాస్టిక్ కవరులో బిగించి ఉంచడమో, మరిగే నీళ్లు పోయడమో చేసి పురుగును చంపాకే గోతిలో వేయాలి. గంధకం, స్ట్రెప్టోమైసిన్ కలిసిన మేత కాబట్టి కోళ్లకు వేయడం తగదు. మందు కలపకుండా, వేడి చేసిన తౌడులో విడిగా పెంచిన కోర్సిరా లార్వాలను మాత్రం నాటు కోడిపిల్లలు ఇష్టంగా తింటాయి. బియ్యం మిల్లుల ఆవరణలో, ధాన్యం గోదాము గోడకు ఆనుకున్న గదిలో ఈ పెంపకం పెట్టకూడదన్నది వేరే చెప్పనక్కరలేదు.

మొదలుపెట్టదలచిన సంఘాలకు మొదటి అర సీసీ గుడ్లు మిల్లు తౌడులోంచి ఏరుకోవడం కన్నా ప్రయోగశాల నుంచి తెచ్చుకోవడం మేలు, మిల్లు పురుగుతో బ్రాకాన్, నల్లి రెండూ వెంట వస్తాయి. సూర్యాపేట జిల్లాలో గరిడేపల్లి మండలం గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం, మిర్యాలగూడ రైతులకు దగ్గరగా ఉన్న కంపాసాగర్ వ్యవసాయ పరిశోధన స్థానం, కృషి విజ్ఞాన కేంద్రం ఈ విషయంలో సలహా అడగడానికి తగిన చోట్లు. అక్కడికి వెళ్లేవారు నాటు వేయబోయే తేదీని, ఎన్ని ఎకరాలన్నది, ఏయే రైతులు ఆ పంటలో గుళికలు మానడానికి ఒప్పుకున్నారన్నది కాగితం మీద రాసుకుని వెళ్లడం మంచిది. ఎన్ని బేసిన్లు, ఏ వారంలో మొదలుపెట్టాలన్న లెక్క ఆ మూడింటి మీదే ఆధారపడి ఉంటుంది.